పగలు స్వస్తి, రాత్రి స్వస్తి: ఒక కొమ్ముచెంబు కోసం చైనాలో ఏడు రోజులు

2006 జనవరిలో దలైలామా కాలచక్ర దీక్ష ఇవ్వడానికి అమరావతి వచ్చినప్పుడు మా ఊరి నుంచి రోజూ బస్సెక్కి వెళ్లేదాన్ని. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని బోధించింది మన ధాన్యకటకంలోనే, అంటే ఈ అమరావతి దగ్గరే అని టిబెట్ వాళ్ల నమ్మకం. లాసా దగ్గర 1416లో కట్టుకున్న పెద్ద మఠానికి వాళ్లు పెట్టుకున్న పేరు డ్రేపుంగ్. అంటే ధాన్యపు రాశి. మన ధాన్యకటకాన్నే వాళ్ల భాషలో అలా పిలుచుకున్నారు. ఆ జనంలో ఒకరోజు ఒక ముసలి భిక్షువు నా దోసిట్లో కుంకుమపువ్వు నీళ్లు పోశాడు. ఆయన చేతిలోది ఇత్తడి కొమ్ముచెంబు. మా అమ్మమ్మ దాన్ని చూసి ఉంటే గిండి అనేది. కాకపోతే దాని అంచు మన చెంబులకు ఉన్నట్టు గుండ్రంగా, సమంగా లేదు. వెనక ఎత్తుగా లేచి, మెట్లు మెట్లుగా దిగి, ముందు ముక్కుగా సాగింది.

చాలా ఏళ్ల తర్వాత అదే ఆకారం ఒక ఫొటోలో కనిపించింది. ఈసారి పింగాణీది. తెల్లటి ఒంటి మీద నీలపు తీగలు, పొట్ట చుట్టూ టిబెటన్ అక్షరాలు. చైనాలో మింగ్ వంశపు షువాన్‌దె చక్రవర్తి కాలంలో, అంటే 1426-1435 మధ్య, చేసింది. టిబెట్ భిక్షువుల టోపీని పోలి ఉంటుందని చైనా వాళ్లు దాన్ని 'సెంగ్‌మావో హు' అంటారు, సన్యాసి టోపీ చెంబు. ఆ అక్షరాలు నా నోటితో నేను చదవాలనిపించింది. నాలుగు నెలలు కూర్చుని టిబెటన్ వర్ణమాల నేర్చుకున్నాను. క ఖ గ ఙ అనే వరుసలోనే ఉంటుంది కాబట్టి తెలుగు చదివినవాళ్లకు అదేమీ భయపెట్టే లిపి కాదు. షాంఘైలో పనిచేస్తున్న మా తమ్ముడు వారం రోజులు సెలవు పెట్టాడు. అక్టోబర్ రెండో వారంలో, అక్కడి జాతీయ సెలవుల రద్దీ తగ్గాక, ఇద్దరం బయల్దేరాం.

మొదటి రోజు: నాన్‌జింగ్

ముందు పింగాణీ తయారయ్యే ఊరు జింగ్‌డెజెన్ వెళ్దామని తమ్ముడు అన్నాడు. వద్దన్నాను. చెంబు ఎక్కడ పుట్టిందో చూసే ముందు ఎవరి కోసం పుట్టిందో చూడాలని నా పట్టు.

నాన్‌జింగ్‌లో పర్పుల్ పర్వతం పక్కన లింగు ఆలయం ఉంది. దారి పొడవునా ఒస్మాంథస్ చెట్లు. వాటి పసుపు పూలు గోరంత కూడా ఉండవు గానీ వాసన బస్సు కిటికీలోంచి లోపలికి వచ్చేస్తుంది. ఆలయంలో అప్పటి కట్టడం ఒక్కటే మిగిలింది, 1381లో కట్టిన దూలాలు లేని మండపం. చెక్క ముక్క లేకుండా మొత్తం ఇటుకలే, కమాను మీద కమాను. లోపల చల్లగా, మాట్లాడితే గొంతు తిరిగి వచ్చేట్టు ఉంది.

1407లో మింగ్ వంశపు యోంగ్లె చక్రవర్తి ఆహ్వానం మీద బౌద్ధ గురువు ఐదో కర్మపా దేషిన్ షెక్పా టిబెట్ నుంచి ఇంత దూరం వచ్చి, ఇదే ఆలయంలో చక్రవర్తి తల్లిదండ్రుల సద్గతి కోసం పూజలు చేశాడు. యోంగ్లె సింహాసనం ఎలా ఎక్కాడో తెలిస్తే ఆ పూజ వెనుక ఎంత బరువుందో అర్థమవుతుంది. తండ్రి ఏర్పాటు చేసిన వారసుడిని, సొంత అన్న కొడుకుని, యుద్ధం చేసి దించేశాడు. చనిపోయిన తండ్రికి ఘనంగా పూజ చేయించడం ఆయనకు రాజకీయంగానూ అవసరమే, మనసుకూ అవసరమే అనుకుంటాను. పూజలు జరిగిన రోజుల్లో ఆకాశంలో వెలుగులు, పూలవాన కనిపించాయని రాసి, బొమ్మలు వేయించి, దాదాపు 50 మీటర్ల పొడవున్న చిత్రపటం తయారు చేయించారు. దానిమీద ఒకే కథనం ఐదు భాషల్లో ఉంటుంది. ఆ పటం ఇప్పుడు టిబెట్‌లో ఉంది.

ఈ రాకపోకలతోనే జింగ్‌డెజెన్ రాజ ఆవాలకు, అంటే రాజుగారి కోసం పింగాణీ కాల్చే బట్టీలకు, కొత్త పని వచ్చింది. టిబెట్ మఠాల్లో లోహంతో చేసుకునే పూజాపాత్రల ఆకారాలను మట్టితో చేయాలి. యోంగ్లె కాలంలో చేసిన తెల్లటి టోపీ చెంబులను పరిశోధకులు కర్మపా రాకతోనే కలిపి చూస్తారు. మండపం మెట్ల మీద కూర్చుని ఆ పూజ ఊహించుకోవడానికి ప్రయత్నించాను. నీళ్లు ఎవరో పోసి ఉంటారు, ఎవరి దోసిట్లోనో పడి ఉంటాయి. ఆ తరవాతి ఊహ రాలేదు, పిల్లల గుంపు ఒకటి వచ్చి కేకలతో ప్రతిధ్వని పరీక్షించడం మొదలుపెట్టింది.

రెండో రోజు: నాన్‌జింగ్ నుంచి జింగ్‌డెజెన్

పొద్దున్నే బావొఎన్ ఆలయం చూశాం. యోంగ్లె 1412లో మొదలుపెట్టిన పింగాణీ గోపురం ఇక్కడే ఉండేది. తొమ్మిది అంతస్తులు, దాదాపు 80 మీటర్లు, తెల్ల పింగాణీ ఇటుకల పూత. 1856లో తైపింగ్ తిరుగుబాటు యుద్ధంలో కూలగొట్టారు. ఇప్పుడున్నది 2015లో కట్టిన గాజు, ఉక్కు కట్టడం. దాన్ని చూడటం కంటే నాన్‌జింగ్ మ్యూజియంలో కూర్చిపెట్టిన పాత గోపురపు ద్వారం చూడటం నాకు నచ్చింది. ఆకుపచ్చ, పసుపు గ్లేజు (గాజులాంటి పూత) ఏనుగులు, సింహాలు, ఒక్కొక్కటీ చేత్తో అచ్చుపోసినవి.

మధ్యాహ్నం రైలు. చీకటి పడే వేళకు జింగ్‌డెజెన్. రాత్రి భోజనానికి అక్కడి 'లెంగ్‌ఫెన్' తిన్నాం, లావు బియ్యపు సేమ్యాకి మిరపకారం, వెల్లుల్లి, ఉల్లికాడలు పట్టించి చల్లగా ఇస్తారు. చైనాలో అడుగుపెట్టాక మొదటిసారి నా నాలుకకు కారం తగిలింది.

మూడో రోజు: రాజ ఆవాల మట్టిపొరలు

ఈ ఊళ్లో వీధి దీపాల స్తంభాలు కూడా పింగాణీయే. ఊరి నడుమ జూషాన్ అనే చిన్న గుట్ట ఉంది. మింగ్, చింగ్ వంశాల రాజ ఆవాలు ఆ గుట్ట చుట్టూనే ఉండేవి. పక్కనే రాజ ఆవాల మ్యూజియం కట్టారు. నేలలోంచి లేచిన ఇటుక గుహల్లా పొడవాటి కమానులు, పాత ఆవాల ఆకారంలో. కట్టడంలో నిజంగా ఆవాల నుంచి తీసిన పాత ఇటుకలు కూడా వాడారు. వేడికి రెండు మూడేళ్లకే ఆవం ఇటుకలు అలసిపోతే విప్పి, వాటితో ఇళ్లు కట్టుకోవడం ఈ ఊరి అలవాటు. పాత సందుల్లో గోడలు తాకుతూ నడిస్తే అక్కడక్కడ నల్లగా కరిగి గాజు కట్టిన ఇటుకలు చేతికి తగులుతాయి.

రాజుగారి కోసం చేసిన పాత్రలో చిన్న మచ్చ ఉన్నా, కాస్త వంకరపోయినా పనికిరానట్టే. అలాగని బయట అమ్మడానికీ వీల్లేదు, రాజ చిహ్నం ఉన్న వస్తువు మామూలు మనిషి ఇంట్లో ఉండకూడదు. పగలగొట్టి పూడ్చేసేవారు. 1980ల నుంచి జరిగిన తవ్వకాల్లో ఆ పెంకులే పొరలు పొరలుగా దొరికాయి. యోంగ్లె పొరలో చాలా మటుకు తెల్లవే. పైన షువాన్‌దె పొరలో నీలం పెరుగుతుంది. పెంకులను ఒక్కొక్కటీ వెతికి అతికించి, దొరకని చోట తెల్లటి ప్లాస్టర్ నింపి నిలబెట్టారు. ఇక్కడున్న పాత్రల్లో ఎక్కువ భాగం 600 ఏళ్ల కిందట ఎవరో వద్దని పగలగొట్టినవే.

తెల్లటి టోపీ చెంబు ఒకటి అక్కడ చూశాను. ఫొటోల్లో ఎప్పుడూ పక్క నుంచి చూపిస్తారు, అందుకే టోపీ అంటే వెంటనే ఒప్పుకుంటాం. ఎదురుగా నిలబడి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ముక్కు పైన మూసి లేదు, బాతు ముక్కులా తెరిచి ఉంది. సన్నటి గొట్టంలోంచి వచ్చే ధార వేరు, ఇలా తెరిచిన కాలవలోంచి జారే ధార వేరు. పోసేవాడికి నీళ్లు కనిపిస్తూనే ఉంటాయి, ఎంత పోయాలో అంతే పోయవచ్చు.

మట్టితో ఈ అంచు తీయడం చాలా కష్టం. సారె మీద చేసిన ఏ పాత్రకైనా అంచు గుండ్రంగానే వస్తుంది. దాన్ని పచ్చిగా ఉన్నప్పుడే మెట్లుగా కోయాలి, ముక్కు విడిగా చేసి అతికించాలి, పిడి ఇంకోటి. దాదాపు 1300 డిగ్రీల వేడిలో పింగాణీ కాస్త మెత్తబడుతుంది. సమంగా లేని అంచు ఒక పక్కకు లాగుతుంది. లోహంలో సులువుగా వచ్చే ఆకారం మట్టిలో ప్రాణం తీస్తుంది. ఇన్ని పెంకులు ఎందుకున్నాయో, నిలిచినవి ఇంత అరుదు ఎందుకో అక్కడ అర్థమైంది.

టిబెట్‌లోని శాక్య మఠంలో షువాన్‌దె కాలపు గిన్నెలున్నాయి, తామరకొలనులో జంట బాతుల బొమ్మలతో, లోపలి అంచున నీలపు టిబెటన్ అక్షరాలతో. అలాంటివాటి పెంకులే ఇక్కడి మట్టిలోనూ బయటపడ్డాయి. బాగా వచ్చినవి కొండల మీది మఠానికి చేరాయి. చెడిపోయినవి గుట్ట కింద పడుకున్నాయి. రెండు చోట్లా కలిపితే గానీ కథ పూర్తి కాలేదు.

నాలుగో రోజు: కుంచె పట్టిన చేయి

పాత పాత్రలకు నకళ్లు చేసే కార్ఖానాలు ఈ ఊళ్లో సందుకొకటి. తమ్ముడు ముందే మాట్లాడి పెట్టిన ఒక చిన్న కార్ఖానాకు వెళ్లాం. యాభై ఏళ్లుంటాయేమో, ఒకావిడ కిటికీ పక్కన కూర్చుని కుంచెతో గీస్తోంది. ఆమె ముందున్నది పచ్చి టోపీ చెంబు.

ఇక్కడ పని ముక్కలు ముక్కలుగా పంచుకుంటారు. ఒక పాత్ర తయారయ్యేలోపు 72 చేతులు మారుతుందని పాత మాట. సారె తిప్పేవాళ్లు వేరు, ఎండిన పాత్రను చెక్కి పలచన చేసేవాళ్లు వేరు, గీత గీసేవాళ్లు, లోపల రంగు నింపేవాళ్లు, గ్లేజు పట్టేవాళ్లు, కాల్చేవాళ్లు. ఈవిడది గీతల పని. కోబాల్టు రంగు కాలకముందు నీలంగా ఉండదు, బూడిద కలిసిన నలుపు. ఎండుమట్టి తడిని చప్పున పీల్చేసుకుంటుంది కాబట్టి గీత మీద మళ్లీ గీత పెట్టలేం. తప్పు చేస్తే గీకాలి, గీకితే మట్టి లేస్తుంది. దీని మీద గ్లేజు పోసి ఒక్కసారే కాలుస్తారు. గ్లేజు కరిగి గాజైనప్పుడు కింద నుంచి నీలం బయటికి వస్తుంది. మింగ్ తొలినాళ్లలో ఈ కోబాల్టు పశ్చిమాసియా నుంచి దిగుమతయ్యేది. అందులో ఇనుము ఎక్కువ, అందుకే గీత చిక్కబడిన చోట నల్లటి చుక్కలు తేలతాయి. ఆవిడ ఇప్పుడు ఆ చుక్కలను కావాలని కుంచె కొసతో పెడుతోంది. అప్పుడు వాటంతట అవే వచ్చినవి.

ఆమె పొట్ట చుట్టూ అక్షరాల వరుస దగ్గరికి వచ్చింది. పక్కన కాగితం మీద నమూనా ఉంది. ఆమెకు టిబెటన్ రాదు, గీతలుగానే చూసి గీస్తోంది. నేను మెల్లగా చదివాను.

ఞిన్‌మో దేలెక్ త్సెన్ దేలెక్,
ఞిమే గుంగ్‌లా దేలెక్ షింగ్,
ఞిన్‌త్సెన్ తక్‌తు దేలెక్ పా,
కొన్‌చోక్ సుమ్‌గ్యి దేలెక్ షోక్.

పగలు స్వస్తి, రాత్రి స్వస్తి, నడి మధ్యాహ్నం స్వస్తి, రేయింబవళ్లు ఎప్పుడూ స్వస్తి, త్రిరత్నాల వల్ల స్వస్తి కలుగుగాక. సంస్కృతంలోని స్వస్తికి టిబెటన్ అనువాదకులు ఎంచుకున్న మాటల్లో దేలెక్ ఒకటి. 'రాత్రౌ స్వస్తి దివా స్వస్తి స్వస్తి మధ్యందినే స్థితే' అని బౌద్ధ సంస్కృత గ్రంథాల్లో ఉన్న దీవెనే వేషం మార్చుకుని ఇక్కడికి వచ్చింది. మా ఇంట్లో పెళ్లి పత్రిక మీద మొదటి మాట అదే కదా!

ఆవిడ కుంచె ఆపి నా వంక చూసింది. ఇరవై ఏళ్లుగా గీస్తోందట. గీతలు పలుకుతాయని తెలుసు గానీ ఎవరూ పలికి వినిపించలేదని తమ్ముడు ఆమె మాట చెప్పాడు. మళ్లీ చదవమంది. చదివాను. రెండోసారి చదువుతుంటే ఒక చోట ఆగిపోయాను. 'దే' ఉండాల్సిన చోట 'ద' ఉంది, నెత్తి మీద ఏత్వం గీత లేదు. చెప్పాలా వద్దా అని టెన్షన్ పడ్డాను, ఆమె చేతిపని నేను వంక పెట్టేంతదాన్ని కాను. తమ్ముడితో నెమ్మదిగా అడిగించాను. ఆమె లేచి లోపలి నుంచి మ్యూజియం ఫొటో తెచ్చి, భూతద్దం పెట్టి చూసింది. ఫొటోలో ఏత్వం ఉంది. ఆమె దగ్గరున్న నమూనా కాగితం మరో నకలు నుంచి తీసిందట, అక్కడెక్కడో ఆ గీత జారిపోయింది. ఆమె ఏమీ అనకుండా కూర్చుని, చెంబు మీద ఆ చిన్న గీత పెట్టింది. తర్వాత నమూనా కాగితం మీద కూడా పెట్టింది.

ఇంకోటి గమనించాను, దీన్ని నేను ఏ వ్యాసంలోనూ చదవలేదు. ఆమె చెంబును చిన్న పీట మీద తిప్పుతూ రాస్తోంది. టిబెటన్ మన లిపిలాగే ఎడమ నుంచి కుడికి. తరవాతి అక్షరం ముందుకు రావాలంటే చెంబు గడియారం ముల్లు తిరిగే వైపు తిరగాలి. మఠాల్లో ప్రార్థన చక్రాలు తిరిగేది ఆ వైపే. చెంబును కదపకుండా మనమే చుట్టూ నడిచి చదవాలంటే అపసవ్యంగా, అంటే ప్రదక్షిణకు ఎదురు తిరగాలి. పక్కన ఉన్న పాత నకలు ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. అరచేతిలో పొట్ట ఆనించి మెల్లగా తిప్పితే నాలుగు పాదాలూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి, చివరి 'షోక్' దగ్గర మళ్లీ 'ఞిన్‌మో' మొదలవుతుంది. ఈ దీవెన చేతిలో తిరగడానికే రాశారని నాకు గట్టిగా అనిపించింది.

ఆమె సరిదిద్దిన చెంబు కాలేసరికి మేం ఊళ్లో ఉండం. డబ్బు ఇచ్చి, చిరునామా రాసి వచ్చాం.

ఐదో రోజు: గావోలింగ్

ఊరికి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో గావోలింగ్. పింగాణీ చేసే తెల్లమట్టికి ప్రపంచం నోట కేయోలిన్‌గా మారిన పేరు ఈ ఊరిదే. వెదురు తోపుల మధ్య రాతిమెట్ల దారి, పాత గని నోళ్లు, మట్టి కడిగిన తెల్లటి తిప్పలు. వాన పడింది. సాయంత్రానికి తిరిగి వచ్చి బీజింగ్ ప్రయాణానికి బట్టలు సర్దుకున్నాం.

ఆరో రోజు: బీజింగ్, రాజప్రాసాదం

టికెట్లు వారం ముందు రాత్రి ఎనిమిదింటికి విడుదలవుతాయి, తమ్ముడు ఫోన్ పట్టుకుని కూర్చుని తీశాడు. సందర్శకులందరూ నేరుగా సింహాసన మండపాల వైపు వెళ్తుంటే మేం ఎడమకు తిరిగి వుయింగ్ మండపానికి వెళ్లాం. పింగాణీ గ్యాలరీ అక్కడే.

మొదట కనిపించింది చెంబు కాదు, ధర్మచక్రపు మూతకూజా. దాదాపు 29 సెంటీమీటర్ల ఎత్తు, పొట్టిగా, నిటారుగా ఉంటుంది. భుజం మీద చుట్టూ ఎనిమిది పలకలు బయటికి పొడుచుకొచ్చాయి, పైనుంచి చూస్తే చక్రపు ఆకుల్లా ఉంటాయి. ఒంటి చుట్టూ వరుసలుగా రంజన లిపిలో సంస్కృత బీజాక్షరాలు. నేపాల్ నేవార్ల చేతుల్లో పెరిగి టిబెట్ మీదుగా చైనా చేరిన లిపి అది, నిలువు గీతలు బరువుగా, పైన గొడుగు పట్టినట్టు ఉంటుంది. కూజా లోపల అడుగున ఐదు చైనా అక్షరాలున్నాయి, 'మహాగుణ శుభస్థలం' అని అర్థం. పూజ జరిగే మండలాన్ని ఉద్దేశించిన మాట. మూత పెడితే ఎవరికీ కనిపించని చోట అంత శ్రద్ధగా రాయడం నన్ను అక్కడే నిలబెట్టేసింది. పూర్ణఘటం, ధర్మచక్రం, ఈ రెండూ అమరావతి శిల్పాల్లో విడివిడిగా చూస్తూ పెరిగినదాన్ని. ఇక్కడ రెండూ ఒకే పాత్ర అయ్యాయి.

తర్వాత చెంబు. నేను అనుకున్నదాని కంటే చిన్నది, జానెడు పైన ఉంటుందంతే. నీలం మాత్రం ఏ ఫొటోలోనూ రానిది. గీత అంచు గ్లేజులోకి కాస్త కరిగి, నీళ్లలో సిరా చుక్క వేసిన మొదటి క్షణంలా ఉంది. నల్లటి చుక్కలు మెరవకుండా గ్లేజులోకి కుంగి ఉన్నాయి, జింగ్‌డెజెన్ ఆవిడ కుంచె కొసతో పెట్టినవి ఎందుకు తేలిపోతాయో అప్పుడు తెలిసింది.

అద్దాల పెట్టె గోడకు ఆనుకుని ఉంది. చుట్టూ నడిచే దారి లేదు. నాకు కనిపించింది ఒక పాదం, పక్క పాదంలో రెండు మాటలు. మిగతాది గోడ వైపు. ఇంత దూరం వచ్చి పావు వంతు చదవడం బాధగానే అనిపించింది. దీన్ని ఇలా పెట్టినవాళ్ల మీద కోపం లేదు, పిడి, ముక్కు రెండూ కనిపించాలంటే ఇలాగే పెట్టాలి. కానీ ఇది చేసింది చూడటానికి కాదు. ఒక చేయి పట్టుకోవాలి, వంచాలి, నీళ్లు జారాలి, ఎవరో తాగాలి. 600 ఏళ్లు పగలకుండా ఉండటానికి అది ఇచ్చుకున్న మూల్యం, ఇక ఎవరి చేతిలోనూ తిరగకపోవడం.

"వెనకేముంది అక్కా?" అని తమ్ముడు అడిగాడు. చిన్న గొంతుతో మొత్తం చదివి వినిపించాను. కనిపించని భాగం కంఠతా వచ్చు, కార్ఖానాలో అన్నిసార్లు తిప్పాను కాబట్టి. పక్కన ఒక ముసలాయన, మనవరాలి చేయి పట్టుకుని ఉన్నవాడు, నేను ముగించేదాకా జరగకుండా నిలబడ్డాడు.

ఏడో రోజు: యోంగ్‌హె ఆలయం

విమానం రాత్రికి. పొద్దున్నే యోంగ్‌హె ఆలయానికి వెళ్లాం, 1744 నుంచి ఇది టిబెటన్ బౌద్ధ మఠం. గేటు దగ్గర అగరుబత్తులు ఉచితంగా ఇస్తారు. చివరి మండపంలో ఒకే చందనపు చెట్టు మానుతో చెక్కిన మైత్రేయుడు, నేల పైకి 18 మీటర్లు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాం.

నాకు ఎక్కువ గుర్తున్నది పక్క మండపం. ఒక చిన్న భిక్షువు విగ్రహం ముందు ఏడు గిన్నెలు పేరుస్తున్నాడు. గిన్నెకీ గిన్నెకీ మధ్య యవగింజ పట్టేంత ఖాళీ ఉండాలంటారు. ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కదాన్లో నీళ్లు పోస్తూ వెళ్లాడు. చేతిలోది ముక్కున్న రాగిచెంబు. ధార సన్నగా మొదలై, గిన్నె మధ్యలో లావై, అంచు దగ్గర మళ్లీ సన్నబడింది. ఒక్క చుక్క బయట పడలేదు.

మఠం బయట తమ్ముడి ఫోన్‌కి ఫొటో వచ్చింది. చెంబు ఆవంలోంచి దిగింది. అక్షరాలు నీలంగా, 'దే' మీద ఏత్వం ఉంది. అయితే మంటలో అంచు కొద్దిగా లాగిందట, మూత కూర్చోవడం లేదు. ఇంకోటి చేసి పంపుతాను, దీన్ని పక్కన పెడతాను అని ఆవిడ రాసింది. మూత అక్కర్లేదు, దాన్నే పంపమని తమ్ముడితో రాయించాను.